కష్టం వేరు, కానిది వేరు

మా ఫిజిక్స్ మేడం పోయారని సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మిర్యాలగూడ కాలేజీలో పాఠం చెబుతున్నాను. ఆమె దగ్గర ఇంటర్ చదివి, ఆమె దారిలోనే పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఆ రోజంతా దుఃఖమే. కోపం సంతాప సభలో మొదలైంది. ఇది రాస్తున్న ఇప్పటికీ చల్లారలేదు.

సభ జరిగిన హాలు గేటుకు ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. మేడం ఒకతని భుజం తడుతున్న ఫోటో, పక్కన ఇనుప చక్రం, కింద 'మేడం మెచ్చిన యంత్రం' అని పెద్ద అక్షరాలు. కరెంటు లేకుండా నీళ్లు తోడే మోటారు అంటూ ఊళ్లు తిరిగే కోదాడ మనిషి కట్టించాడు దాన్ని.

ఆ యంత్రాన్ని మేడం ఎలా మెచ్చారో నాకు తెలుసు. పెన్‌పహాడ్‌లో రైతులను పోగేసి అతను చక్రం తిప్పి చూపిస్తున్నాడని విని, ఆమె ఆటో మాట్లాడుకుని నన్నూ రమ్మన్నారు. తోటి లెక్చరర్ ఒకాయన నవ్వాడు. "గసొంటోళ్లతోని వాదనేంది మేడం? మన ఇజ్జత్ పోతది."

"మనం పోకుంటే ఆయన మాటే మిగుల్తది సార్," అన్నారామె.

అక్కడ అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. అయస్కాంతాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయట, చక్రం తనంతట తానే ఎప్పటికీ తిరుగుతుందట. మధ్యలో ఈల వేసినవాళ్లను మేడమే గదమాయించారు.

"మీరు పుస్తకాలు చదివినవాళ్లు మేడం. నేను చేసి చూపించేవాణ్ణి," అన్నాడతను.

"మంచిదే తమ్మీ. జర ఆ బ్యాటరీ తీగ ఊడదియ్యి," అన్నారు చక్రం కింద గోనెసంచి కప్పిన చోటు చూపిస్తూ. "ఇగ తిప్పు. పొద్దుగూకేదాక గీన్నే కూసుంట."

కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. చక్రం తిరిగింది, మందగించింది, ఆమె చేతిలో టీ అయిపోకముందే ఆగింది. జనం గొల్లుమన్నారు. మేడం లేచి అతని భుజం తట్టారు. "ఆగుడు తప్పు గాదు తమ్మీ. ఆగలేదని చెప్పుడు తప్పు." ఆ భుజం తట్టిన క్షణాన్నే ఎవరో ఫోటో తీశారు. ఫ్లెక్సీ మీద వేసుకున్నది అదే!

సభలో అతను మైకు అందుకుని, మేడం తన యంత్రం చూసి ఆశ్చర్యపోయారనీ, బతికుంటే సర్కారుకు చెప్పి ఒప్పించేవారనీ అన్నాడు. వేదిక మీది పెద్దమనుషులు తలలూపారు. నేను లేచాను.

"అబద్ధం. ఆ చక్రం ఆగింది. నేను గాన్నే ఉన్న."

సభ పెట్టినాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "సచ్చినామె పేరు మీద లొల్లి ఎందుకు సార్, కూసోండ్రి."

ఆమె పేరు మీద అబద్ధమాడితే నివాళి, నిజం చెబితే లొల్లి! ఏం మర్యాద ఇది?

మేడం చెల్లెలు లేచి గేటు దాకా వెళ్లారు. తాళ్లు విప్పి, ఫ్లెక్సీని మడిచి చంకలో పెట్టుకుని వచ్చారు. "అక్క ఫోటో ఉన్నదని ఊకున్న. లేకుంటే ఈడనే కాలవెడుదు," అన్నారు. అతను సభలోంచి జారుకున్నాడు. అతని మాటల వీడియో మాత్రం ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

చక్రం ఆగిన సంగతి విన్న కొందరు దాని కింద, ఆమె కొత్త ఆలోచనలకు శత్రువని రాస్తున్నారు. ఇది ఇంకా పెద్ద అన్యాయం. మా క్లాసులో ఎంత వింత ఆలోచనకైనా మొదటి బెంచీ దొరికేది. "కష్టం వేరు, కానిది వేరు," అనేవారు. "రెండిటిని కలిపి నవ్వెటోనికి సదువు రాలే. రెండిటిని కలిపి అమ్మెటోడు దొంగ."

ఒకసారి మమ్మల్ని వాడపల్లి తీసుకెళ్లారు. మూసీ కృష్ణలో కలిసే చోట రాళ్ల మీద కూర్చోబెట్టి, రాకెట్ లేకుండా అంతరిక్షానికి వెళ్లే దారులు చెప్పమన్నారు. ఒకడు ఫిరంగితో పేల్చేద్దామన్నాడు.

"లోపల మనిషి పచ్చడైతడు బిడ్డా. సామాను పంపుతనంటే సెప్పు, మాట్లాడుదం."

చివరికి తాడు సంగతి వచ్చింది. భూమధ్యరేఖ దగ్గర నేలకు కట్టిన తాడు, అంతరిక్షంలో ఉన్న ఆ కొసన బరువు, రెండూ భూమితో పాటే తిరుగుతాయి, ఆ తిరుగుడుకే తాడు బిగిసి నిలబడుతుంది. దాన్ని పట్టుకుని పైకి ఎక్కిపోవచ్చు.

"అంత గట్టి తాడు ఇంక ఎవ్వలు పేనలే," అన్నారు మేడం. "పేనొద్దని ఏ సూత్రం గూడ సెప్పలే."

లేచి నిలబడి, చూపుడువేలిని నీళ్ల మీంచి మెల్లగా పైకి లేపారు. మా తలలన్నీ ఆ వేలి వెంట పోయాయి. ఒడ్డుకు వస్తున్న పుట్టిలో మనిషి కూడా తెడ్డు ఆపి, మాతో పాటు ఆకాశంలోకి చూశాడు.