పిలిస్తే వచ్చే పెద్దమనిషి

ఒమాన్‌లో సహం అనే ఊరు దాటి కొండల వైపు వెళితే, ఖర్జూరపు తోటల చివర పొడవాటి కంచె ఒకటి కనిపిస్తుంది. అందులో అర్బాబ్ ముచ్చటపడి పెంచుకుంటున్న జింకలుంటాయి. అర్బాబ్ అంటే అక్కడ యజమాని. వాటి మేతా నీళ్లూ చూసే మనిషి దేవయ్య. జగిత్యాల దగ్గర కురుమల ఇంట్లో పుట్టి, గొర్రెల వెంట తిరగడం నా వల్ల కాదని విమానమెక్కినవాడు. మస్కట్‌లో కన్‌స్ట్రక్షన్ పనికి నడుం అప్పజెప్పి, చివరికి మళ్లీ నాలుగుకాళ్ల జీవాల దగ్గరికే వచ్చి పడ్డాడు. నుదుటి రాత రాసేవాడికి కూడా అప్పుడప్పుడూ వేళాకోళం కావాలేమో.

గొర్రెలను పిలిచినట్టే జింకలనూ పిలిచేవాడు. "దా... దా దా దా..." అరబ్బు దేశపు జింకలకు కరీంనగర్ పిలుపు ఎట్లా తెలిసిందో గానీ, చెవులు రిక్కించి వచ్చేవి. అందరికంటే ముందు వచ్చేది ముసలి పోతు. అది నడిచే దర్జా చూసి దేవయ్య దానికి పెద్దమనిషి అని పేరు పెట్టాడు. "ఏం పెద్దమనిషీ, తిన్నవా?" అని రోజూ పలకరింపు.

పెద్దమనిషికి ఈమధ్య మదం ఎక్కింది. రెండు ఆడజింకల పొట్టలు కొమ్ములతో చీల్చింది. ఇక దాన్ని ఉంచొద్దని అర్బాబ్ అనేశాడు. ఆయన తమ్ముడి కొడుకు ఫహద్ మస్కట్‌లోని ఖురంలో ఆఫీసు ఉద్యోగి, విల్లు పట్టడం కొత్తగా నేర్చుకున్నాడు. ఆ పని నేను చేస్తానని బయలుదేరి వచ్చాడు.

ఆ రోజు దసరా. పొద్దున్నే కంచె తీగ మీద పాలపిట్ట కనబడిందని దేవయ్య సంబరపడ్డాడు. ఆ నేల నిండా జమ్మిచెట్లే. వచ్చిన కొత్తలో జమ్మిని చూసి, పరాయి ఊళ్లో మేనమామ ఎదురైనట్టు సంతోషపడ్డాడు. ఏటా దసరానాడు నాలుగు ఆకులు తెంపి, వంటమనిషి ముర్తుజా చేతిలో బంగారమని పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునేవాడు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ముర్తుజా, "ఇన్నేండ్ల నుంచి బంగారం ఇస్తాండావు, మా ఇంటిదానికి ముక్కుపుడక గూడా రాల్యా" అని నవ్వేవాడు.

ఆ ఏడు ఆకు ముర్తుజా చేతికి పోలేదు. పోతును కదలకుండా నిలబెట్టమన్నాడు ఫహద్. డ్యూటీ డ్యూటీనే. జమ్మిచిగురంటే పెద్దమనిషికి ప్రాణం. దేవయ్య కొమ్మ విరిచి పట్టుకుని, "దా... దా దా" అన్నాడు. అది వచ్చింది. మూతి చాచి ఆకు అందుకుంటుండగా అతని వెనక నుంచి బాణం వచ్చింది.

పోతు ఎగిరిపడి, బండి కోసం తెరిచి ఉంచిన గేటులోంచి బయటికి పరుగెత్తింది. బాణం అవతల ఇసుకలో దొరికింది. దాని మీద నెత్తురుతో పాటు పచ్చటి పసరు ఉంది. అది చూడగానే ఫహద్ ముఖం పాలిపోయింది. పొట్టలో తగిలిందని, ఇప్పుడు వెంటపడితే దొరకనంత దూరం పోతుందని, కాసేపు ఆగాలని హిందీలో చెప్పాడు. కోతకని కత్తితో వచ్చిన ముర్తుజాతో కలిసి ముగ్గురూ గేటు దగ్గరే కూర్చున్నారు. ఎండ మెల్లగా పసుపు రంగుకి తిరిగింది. దేవయ్య చేతిలో కొమ్మ ఇంకా అట్లాగే ఉంది.

"పిలిచింది నేనే గదా ముర్తుజా," అన్నాడు చివరికి.

"ఊరుకో అన్నా. ప్రాణం ఉండంగానే దొరికితే బాధ లేకుండా నేను కోస్తా. దొరక్కుంటే తెల్లార్లూ కొట్టుకుంటాది. ముందు లెయ్."

లేచారు. ఇసుకలో గిట్టల గుర్తులు తేటగా ఉన్నాయి. వెనక కాలొకటి ఈడ్చిన గీత వాటి పక్కనే సాగింది. నెత్తురు చుక్క ఎక్కడో ఒకటి. దేవయ్య ముందు నడుస్తున్నాడు. నీరెండలో ఎండిపోయిన వాగు, జమ్మిచెట్లు, దూరంగా కొండలు అన్నీ నీళ్లలో కదులుతున్నట్టున్నాయి. తను నడుస్తున్నది ఒమాన్‌లోనా, ఊళ్లో వాళ్లంతా జమ్మికి పోయే పొలిమేర బాటలోనా అని ఒక్క నిమిషం తెలియలేదు. ఎవరో వెనక డప్పు కొడుతున్నారనిపించింది. కొట్టుకుంటున్నది తన గుండే.

వాగులో రాళ్ల దగ్గర గుర్తులు మాయమైపోయాయి. అటు చూశారు, ఇటు చూశారు. ఫహద్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో రాయీ తడిమాడు. పొద్దు కొండ వెనక్కి దిగుతోంది.

"పిలువన్నా," అన్నాడు ముర్తుజా.

"ఏ నోటితోని పిలువాలె?"

"ఆ నోటితోనే. వేరే నోరు యాడుంది?"

దేవయ్య ఒక రాయి మీదికి ఎక్కి నిలబడ్డాడు. "దా..." అని సన్నగా వచ్చింది. "దా పెద్దమనిషీ... దా దా..." కన్నీళ్లు ఆపుకోలేదు, తుడుచుకోలేదు.

వాగు అవతల జమ్మి కింద రాయి కదిలిన చప్పుడైంది. పడుకున్న పోతు తల ఎత్తింది. చెవులు రిక్కించింది. అంత దెబ్బ తిని కూడా, ఆ పిలుపుకి లేవాలని ముందు కాళ్లు రెండూ మడిచి చూసింది. దేవయ్య పరుగెత్తి దాని తల ఒడిలోకి తీసుకున్నాడు. దాని కళ్లు అరచేత్తో మూసి పట్టుకున్నాడు. ముర్తుజా బిస్మిల్లా అని కత్తి ఆడించాడు.

ఫహద్ విల్లు కింద పడేసి దూరంగా నిలబడ్డాడు. దేవయ్య చాలాసేపటికి లేచి, ఆ విల్లు తీసుకెళ్లి జమ్మి కొమ్మల సందులో పైకి పెట్టాడు. ఇదేమిటన్నట్టు చూశాడు ఫహద్. వీళ్ల పురాణంలో వీరులు తమ విల్లులు ఈ చెట్టు మీదే దాచారని, ఏడాదికి గానీ దించలేదని, ఈ రోజు దీని ఆకునే బంగారమని ఇచ్చుకుంటారని ముర్తుజా వివరించాడు. ఫహద్ ఒక ఆకు తెంపి, రెండు చేతులతో దేవయ్య చేతిలో పెట్టాడు. దేవయ్య దాన్ని పోతు మూతి దగ్గర పెట్టాడు. ఆ మాంసం మాత్రం ముట్టలేదు.

ఆ తర్వాత అతను జింకలను పిలవడం మానేశాడు. మేత పడేసి మాట్లాడకుండా వచ్చేసేవాడు. అవి కూడా అతను పోయేదాకా దగ్గరికి రావు. ఊళ్లో ఉన్న భార్య యాదవ్వ ఫోన్‌లో, "ఏమయ్యా, జీవాలతోని ముచ్చట బందు వెట్టినవా?" అని అడిగితే, గొంతు బాగలేదని చెప్పాడు.

మళ్లీ దసరా వచ్చింది. ఫహద్ వచ్చాడు. ముగ్గురూ ఆ జమ్మి కిందికి వెళ్లారు. విల్లు దుమ్ము పట్టి అక్కడే ఉంది. ఏడాదైంది కదా, దించాలా అని ఫహద్ అడిగాడు.

"పాండవులకైతే ముందల యుద్ధముండె సార్," అన్నాడు దేవయ్య. "మనకేమున్నది?"

ముర్తుజా ఆ మాటను అరబ్బీలో చెప్పాడు. విల్లు చెట్టు మీదే ఉండిపోయింది.

సాయంత్రం దేవయ్య ఒక్కడే కంచె లోపలికి పోయాడు. జమ్మి కొమ్మ చాచి, చాలాసేపు నిలబడి, చివరికి "దా... దా దా దా..." అన్నాడు. మందలోంచి కుర్రపోతు ఒకటి అడుగులో అడుగేసుకుంటూ వచ్చి ఆకు అందుకుంది. దేవయ్య ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.