వల కట్టే మనిషి

ఆవిడ దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. బట్టల ఫ్యాక్టరీలో, గుడ్డ కత్తిరించే గదిలో పని. థాను మీద ఎన్ని మీటర్లని రాసుందో చూసి ఊరుకోదు, విప్పి కొలిస్తేగానీ కత్తెర పట్టదు. కూరగాయల కొట్లో తక్కెడ ముందు నిలబడిందంటే అమ్మేవాడికి చెమటలు పడతాయి. అందుకే ఫ్యాక్టరీలో అందరూ ఆవిణ్ణి సీఐడీ అంటారు, అదీ ఎదురుగానే అంటారు. "అనుకోండి, నాకేం" అంటుంది. నన్నడిగితే ఆ పేరు ఆవిడకి లోలోపల ఇష్టమే.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడంలో ఇలాంటివాళ్లని మించినవాళ్లుండరు. తీరా కిందటేడు దెబ్బతిన్నది ఆవిడ మోకాలే. ఫ్యాక్టరీ ఆడవాళ్ల వాలీబాల్ జట్టులో స్మాష్ కొట్టేది ఈవిడ. ఓ సాయంత్రం గాల్లోకి లేచి, బంతిని కొట్టి, దిగేటప్పుడు కుడికాలు ఓ పక్కకీ ఒళ్లు ఓ పక్కకీ తిరిగాయి. లోపల టప్పుమన్న చప్పుడు వల అవతలివాళ్లకి కూడా వినపడింది. లిగమెంట్ తెగిందన్నారు. ఆపరేషన్ చేసి, తొడ వెనక నుంచి నరంలాంటి ముక్క ఒకటి తీసి మోకాల్లో వేశామన్నారు.

"తీశారట, వేశారట. ఎవరు చూశారు? నేను మత్తులో ఉన్నాను కదా" అంది మెలకువ రాగానే, మొగుడితో.

మొగుడు అదే ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్. నోట్లో నాలుక లేని మనిషి. "కుట్లు కనపడుతున్నాయి కదే" అన్నాడు.

"కుట్లదేముందయ్యా, మన ఫ్యాక్టరీలో రోజంతా వేసేవి అవేగా."

ఆ తర్వాత నెలల తరబడి వ్యాయామాలు. కాలు చాపడం, ముడవడం, గోడకి వీపు ఆనించి కూర్చున్నట్టు నిలబడడం. ఏడుస్తూ చేసింది, తిడుతూ చేసింది, ఒక్కరోజు మానలేదు. చివరికి ఫిజియోథెరపీ అమ్మాయి ఆవిణ్ణి ఒంటికాలి మీద గెంతించి, రెండు కాళ్లూ ఎంతెంత దూరం గెంతాయో కొలిచి, "సమానంగానే ఉన్నాయక్కా, ఇక ఆడుకోవచ్చు. దిగేటప్పుడు మాత్రం రెండు కాళ్ల మీదా దిగు" అంది. నన్ను వదిలించుకుందామని చూస్తోంది, అనుకుంది ఈవిడ.

నిజానికి ఆవిడ అనుమానం డాక్టరు మీదా కాదు, ఆ పిల్ల మీదా కాదు. తన కాలి మీదే. ఇంట్లో మెట్లు దిగేటప్పుడు కుడికాలు ముందు వేసి, అది నిలబడుతుందని తేలాకే ఎడమకాలు కదిపేది. ఇన్నేళ్లు మోసిన కాలు ఒక్కసారి దగా చేసింది, మళ్లీ చెయ్యదని ఏంటి నమ్మకం? ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు, మొగుడికి కూడా.

ఇక్కడ ఆ జట్టు కట్టుబాటు ఒకటి చెప్పాలి. అక్కడ ఆడేవాళ్లెవరూ వల కట్టకూడదు. ఒకప్పుడు ఎవరి ఎత్తుకి తగ్గట్టు వాళ్లు కట్టుకుని జుట్లు పట్టుకునేదాకా వెళ్లారు. అప్పట్నుంచీ ఆడనివాళ్లే కట్టాలి. ఫ్యాక్టరీ పెరట్లో రెండు ఇనప స్తంభాలు, వాటికి వరసగా చిల్లులు, ఏ చిల్లులో కొక్కెం తగిలిస్తే వల ఆ ఎత్తున నిలుస్తుంది. కట్టేది ఈవిడ మొగుడే. కట్టాక, గీత పెట్టిన కొలకర్ర ఒకటి ఆనించి అందరికీ చూపించాలి. ఆ కర్ర స్టోరుగది తలుపు వెనక ఉంటుంది.

మళ్లీ ఆటకొచ్చాక మొదట కొన్నాళ్లు ఈవిడ వెనక వరసలో నిలబడి బంతి అందించడమే. తర్వాత ఓ రోజు ఆడపడుచు బంతి లేపింది. జట్టులో స్మాష్‌కి బంతి లేపేది ఆ అమ్మాయే. ఈవిడ కళ్లు మూసుకున్నంత పని చేసి దూకింది. అరచెయ్యి వల దాటింది, బంతి అవతల పడింది. ఈవిడ మాత్రం కుడికాలిని నమ్మక, ఎడమకాలి మీదే దిగింది. జట్టంతా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లే కొంప ముంచాయి. అంతకుముందు ఎన్ని స్మాషులు కొట్టినా చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. ఇప్పుడెందుకు? తన స్థానంలో ఇన్నాళ్లూ ఆడిన పొడుగు పిల్ల కూడా ఎందుకంత మురిసిపోతోంది? వారాలు గడుస్తున్నకొద్దీ చూసింది. ప్రతిసారీ అందరూ ముందు ఆవిణ్ణి చూసి, తర్వాత మొగుణ్ణి చూస్తున్నారు. వల కట్టాక కర్ర ఆనించి చూపించడం కూడా మానేశారు. ఓ రోజు స్టోరుగది తలుపు వెనక చెయ్యి పెట్టి చూస్తే కర్ర లేదు.

"కర్రేదయ్యా?" అని రాత్రి అన్నం దగ్గర అడిగింది.

మొగుడు నీళ్లు నమిలాడు. "అక్కడే ఉండాలే. ఎవరైనా తీశారేమో."

ఆడపడుచుని అడిగితే, ముడేసిన బూటు తాడే విప్పి మళ్లీ ముడేసుకుంటూ కూర్చుంది. ఇక సీఐడీకి ఇంకేం కావాలి? వల దించారు. తనని చూసి జాలిపడి, పసిపిల్లని ఆడించినట్టు ఆడిస్తున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆపైన గుండెల్లో రాయి పడింది. వచ్చే ఆదివారం పక్క ఫ్యాక్టరీ వాళ్లతో మ్యాచి, వాళ్ల పెరట్లో. అక్కడ ఎవరూ జాలిపడరు. అందని ఎత్తుకి ఎగబడితే పరువు పోవడం అటుంచి, మోకాలే పోవచ్చు. ఈ వల గనక తక్కువ ఎత్తులో ఉంటే బూట్లు పొడుగు పిల్లకి ఇచ్చేసి, మళ్లీ ఆ పెరట్లో అడుగుపెట్టకూడదని తీర్మానించుకుంది. ఆ రాత్రి గోడవైపు తిరిగి ఏడ్చింది కూడా.

మర్నాడు సాయంత్రం, రోజంతా మెడలో వేలాడే గుడ్డటేపు, చేతిలో సుద్దముక్కతో వచ్చింది. స్తంభం మొదట్లో టేపు ఆనించి, అది అయిపోయినచోట సుద్దతో గీత పెట్టి, అక్కణ్ణుంచి స్టూలెక్కి పైదాకా కొలిచింది. జట్టంతా నోళ్లు వెళ్లబెట్టి చూస్తోంది.

సరిగ్గా ఉండాల్సిన ఎత్తే ఉంది.

మళ్లీ కొలిచింది. అంతే. తాడు బిగువుగా ఉందో లేదో మీటి చూసింది. బాగానే ఉంది. అప్పుడు చేతిలో టేపుకేసి చూసి, "ఇది పాతది, సాగిపోయింది. దీన్ని నమ్మడానికి లేదు" అంది.

ఆడపడుచు ఇక ఉండబట్టలేకపోయింది. "వదినా, సాగిన టేపు తక్కువ చూపిస్తుందని నాకు నేర్పింది నువ్వే. అది సాగిందంటే వల ఉండాల్సినదానికన్నా పైనే ఉందన్నమాట."

స్టూలు మీద నిలబడే ఆవిడ లెక్కేసుకుంది. ఎటు తిప్పి చూసినా ఆ పిల్ల చెప్పిందే నిజం.

"మరి కర్ర ఎందుకు దాచారు?"

మొగుడు కొక్కెం వంక చూస్తూ చెప్పాడు. "మొదట్లో దించిన మాట నిజమే. నువ్వు దూకిన మొదటి రోజు బాగా కిందికి కట్టా. తర్వాత వారం వారం ఒక్కో చిల్లు పైకి జరుపుతూ వచ్చా. పోయిన వారమే ఎత్తు సరిపోయింది. ఇప్పుడు ఓ పిసరు ఎక్కువే ఉంది. పక్క ఫ్యాక్టరీ వాళ్లు ఎలా కడతారో ఏం నమ్మకం?"

"అంటే నన్ను మోసం చేశావు."

"చేశా. చెబితే దూకేదానివా?"

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపమో, సంతోషమో, సిగ్గో తేలలేదు. మూడూ ఉన్నాయనే నా అనుమానం. ముక్కు చీది, "కర్ర ఎక్కడుంది?" అంది.

"మన మంచం కింద."

జట్టంతా పగలబడి నవ్వింది. ఇన్ని వారాలూ సీఐడీ దాని మీదే పడుకుని, దాని కోసం స్టోరుగది తలుపు వెనక వెతికింది.

"రేపట్నుంచి వల నేనే కడతా" అంది స్టూలు దిగుతూ.

"కట్టుకో వదినా. కట్టినవాళ్లు ఆడకూడదు మరి" అంది ఆడపడుచు.

ఆవిడ ఆగిపోయింది. స్తంభం వంక చూసింది, మొగుడి వంక చూసింది. చివరికి టేపు అతని చేతిలో పెట్టి, "సరే, నువ్వే కట్టు. కర్ర మాత్రం నా దగ్గరుంటుంది" అంది. ఆడపడుచుకేసి తిరిగి, "బంతి లేపు" అంది.

బంతి లేచింది. ఈవిడా లేచింది. కొట్టిన దెబ్బకి బంతి అవతల గోడకి తగిలి వెనక్కి దొర్లింది, దాన్నే చూస్తూ ఆవిడ దిగింది. రెండు కాళ్ల మీదా ఒక్కసారే దిగింది. ఆ సంగతి ఆవిడ గమనించలేదు. మొగుడు గమనించాడు.

"ఏంటా నవ్వు? మళ్లీ ఏం దాస్తున్నావు?" అంది.

"ఏం లేదు. నువ్వాడు" అన్నాడు.