మొగ్గు తూకం

"కాళ్లు పట్టుకో ఆయమ్మా, కాళ్లు" అని నేను అంటూనే ఉన్నాను, ఆ పిల్లాడి మడమ వచ్చి నా ముక్కు మీద తగలనే తగిలింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా కాటా ముల్లు మీంచి చూపు మాత్రం తిప్పలేదు. "ఎనిమిదీ రెండొందలు" అని గట్టిగా అరిచాను. అరవక్కర్లేదు, రిజిస్టరు రాసుకునేది నేనే, ఆయమ్మకి రాయడం రాదు. కానీ అరిస్తే వాకిట్లో వరసగా కూర్చున్న ఆడవాళ్లందరికీ వినబడుతుంది, వినబడితే వాళ్ల మొహాలు చూడ్డం నాకు సరదా. ఆ పిల్లాడి తల్లి కొంగు సర్దుకుంటూ పక్కావిడతో "ఎనిమిది దాటేసినాడు మావోడు" అంది. పక్కావిడ "మాదీ దాటేసేది, మొన్న జొరమొచ్చి ఆగింది గానీ" అని మూతి తిప్పింది. తర్వాతి పిల్లని ఉయ్యాలలో కూర్చోబెట్టాను.

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, ఊళ్లో పిల్లలందరూ నావల్లే పెరుగుతున్నారని గట్టి నమ్మకం. పుట్టింది టెక్కలి దగ్గర వరి పొలాల ఊరు, చదివింది పదో తరగతి, మెట్టింది ఉద్దానంలో సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు. మా ఆయన బోటు మీద గుజరాత్ వైపు పోతే ఆరు నెలలకి గానీ తిరిగొచ్చేవాడు కాదు. ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదు (ఇప్పటికీ కాదు, ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇప్పటికి మూడుసార్లు లేచాను). అందుకని ఊళ్లో అంగన్వాడీ పోస్టు పడగానే దరఖాస్తు పెట్టేశాను, నాకంటే చదువుకున్న కోడలు ఆ ఊళ్లో ఇంకొకతి లేక ఉద్యోగం నాకే వచ్చింది. పిల్లలకి పాటలు నేర్పాలి, గుగ్గిళ్లు పెట్టాలి, నెలకోసారి దూలానికి గుండ్రటి కాటా వేలాడదీసి ఐదేళ్ల లోపు వాళ్లనందరినీ తూచాలి. తూచి, ఒక్కొక్కరి పేజీలో చుక్క పెట్టాలి. చుక్క ఆకుపచ్చ పట్టీలో పడితే బాగున్నట్టు, పసుపులో పడితే చిక్కినట్టు, నారింజలో పడితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొదట్లో ఒక్క తల్లీ రాలేదు. తూస్తే దిష్టి తగులుతుందని ఒకరు, మేవేటి సేపల్నమ్ముతున్నామా అని ఒకరు. నలుగురో ఐదుగురో వచ్చినా, కాటాతో పాటు ఇచ్చిన సంచీ గోనెలా గరుకుగా ఉండి పిల్లల తొడలు ఒరుసుకుపోయేవి. ఒక పిల్ల ఏడ్చిన ఏడుపుకి నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. మర్నాడే మా అత్తగారి పాత చీరలు నాలుగు తీసి, మడతల మధ్య బూరుగు దూది కూరి బొంతలా కుట్టి, నోరు మూసుకుపోకుండా పైన రెండు కర్రలు దూర్చి ఉయ్యాల తయారు చేశాను. దాని మీద ఆకుపచ్చ దారంతో చిలకని కూడా కుట్టాను (కప్ప బాగా కుదిరిందని మా ఆయన చెల్లెలు మెచ్చుకుంది). ఆ ఉయ్యాలలో పిల్లలు ఏడవడం మానేశారు, తూకాలు బాగుండటం మొదలుపెట్టాయి, ఒకరిని చూసి ఒకరు తల్లులంతా వచ్చేశారు. మూడు నెలలు తిరిగేసరికి నా రిజిస్టరులో చుక్కలన్నీ ఆకుపచ్చలోనే ఉన్నాయి.

మా సూపర్‌వైజర్ మేడమ్ కాశీబుగ్గలో ఉండేది. ఆవిడ రిజిస్టరు తిరగేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ తిరగేసింది. "ఒక్కరూ పసుపులో లేరే. ఏం పెడుతున్నావమ్మా?" అనడిగింది. "పాటలు పాడతాను మేడమ్" అన్నాను. ఎందుకలా అన్నానో దేవుడికే తెలియాలి. ఆవిడ మాత్రం నమ్మి, టెక్కలిలో జరగబోయే మీటింగులో అన్ని ఊళ్ల టీచర్ల ముందూ నువ్వే లేచి చెప్పాలి అంది. అప్పటినుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. జీడితోటలో చెట్లకి ఎదురుగా నిలబడి "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి వారం రోజులు మాట్లాడాను. ఇత్తడి చెంబులో నిప్పులు వేసి నీలం చీర ఇస్త్రీ చేసుకున్నాను. ఇక మీటింగు రేపనగా, ఇదిగో, ఈ ముక్కు మీద తన్ను తిన్న తూకాల రోజు వచ్చింది.

ఆ రోజు వాయుగుండం అన్నారని పడవలు దిగలేదు. అందువల్లే చేతికాటా మామ్మ ఊళ్లో ఉండిపోయింది. అసలు పేరుతో ఎవరూ పిలవరు. పడవ ఇసకెక్కగానే చేపని తోక పట్టుకుని ఎత్తి "రెండుంపావు" అనేది, వ్యాపారి కాటా అంతకి తక్కువ చూపిస్తే అతనే తలొంచుకుని సరిచేసుకునేవాడు. రోజూ తెల్లవారకుండానే గంపెత్తుకుని పలాస పోయేది కాబట్టి నా తూకాలు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు కోడలు జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లిందని తొమ్మిది నెలల మనవరాలిని తనే ఎత్తుకొచ్చింది.

పిల్లని ఉయ్యాలలో పెట్టాను, ముల్లు చూశాను, "ఆరున్నర" అని అరిచాను.

మామ్మ పిల్లని అందుకోలేదు. "ఏటన్నావు కోడలా?"

"ఆరున్నర మామ్మా. ఆకుపచ్చలోనే ఉంది, భయం లేదు."

"పచ్చేటో నాకు తెల్దు గానీ, ఆరున్నర మాత్రం కాదు." పిల్లని రెండు అరచేతుల్లోకి తీసుకుని, ఒకసారి పైకి కిందకి ఆడించింది. కళ్లు మూసుకుని ఇంకోసారి ఆడించింది. "ఐదు ముప్పావు. ఆ పైన సిటికెడు నేదు."

"ఇది గవర్నమెంటు కాటా. టెక్కలి నుంచి సీలు వేసి పంపించారు" అన్నాను, కొంచెం గీరగానే.

"సీలేసింది కాటాకా, నీ బొంతకా? ఖాళీగా ఏలాడదియ్యి, సూద్దాం."

నవ్వుకుంటూనే తగిలించాను. ముల్లు ఊగింది, ఊగి ఆగింది. ఉయ్యాలలో పిల్ల లేదు, చిలక ఒక్కతే ఉంది, ముల్లు మాత్రం ముప్పావు కేజీ దగ్గర నిలబడి ఉంది. ట్రైనింగులో చెప్పారు, ముందు సంచీ తగిలించి, మర తిప్పి ముల్లుని సున్నాకి తెచ్చుకుని, ఆ తర్వాతే పిల్లని పెట్టాలని. పాత సంచీకి తిప్పాను. నా ఉయ్యాల తగిలించాక మర సంగతే మరిచిపోయాను. మూడు నెలలుగా ఆ ఊరి పిల్లలందరికీ మా అత్తగారి పాత చీరలు కలిపి తూచాను.

వాకిట్లో వాళ్ల వంక చూశాను. ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు.

"మీకు తెలుసా?" అన్నాను.

"తెల్దేటి" అంది ఎనిమిదీ రెండొందల తల్లి. "రోజూ సంకనెత్తుకుని తిరుగుతాం, మా గుంటడు ఎంతున్నాడో మాకు తెల్దేటి?"

"మరి చెప్పలేదేం?"

"ఏటని సెప్తాం? మొగ్గు ఏత్తన్నావనుకున్నాం."

మొగ్గు అంటే ఏమిటో వరి పొలాల పిల్లని నాకు అప్పుడే తెలిసింది. నిక్కచ్చిగా కాకుండా ముల్లు కాస్త అవతలి మనిషి వైపు వాలేలా తూచడం, అది మర్యాద. ఒడ్డుకొచ్చే వ్యాపారుల కాటాలన్నీ వాళ్లకి తక్కువే చూపించాయి తప్ప ఒక్కనాడూ మొగ్గు వేసిన పాపాన పోలేదు. మొదటిసారి ఒక కాటా వాళ్ల వైపు వాలితే, తప్పు అని ఎవరికి తోస్తుంది? "మా ఊరంటే నీకు పేమనుకున్నాం కోడలా" అంది వెనకనుంచి ఇంకొకావిడ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆయమ్మ నన్ను గదిలోకి లాక్కెళ్లింది. "ఏటైపోనాదమ్మా ఇప్పుడు? మర తిప్పేసి ఒగ్గేయండి. వచ్చే నెల తగ్గినారని రాయండి, వానలకి జొరాలొచ్చినాయని సెప్పండి. రేపు మీటింగుకి ఆ నీలం సీర కట్టుకోండి." ఎంత బాగా చెప్పిందంటే, అలాగే చేద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణం కాదు, అబద్ధమెందుకు, గ్లాసుడు మంచినీళ్లు తాగినంతసేపు అనిపించింది. ఈలోపు మామ్మ మనవరాలిని చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చి, "కాటా సంగతి మీరూ మీరూ సూసుకోండి. ఈ బొట్టెకేటి సేత్తావో అది సెప్పు" అంది.

ఆ పిల్ల పేజీ తీశాను. ఆరున్నర దగ్గరున్న చుక్కని వేలితో ఐదు ముప్పావుకి జరిపాను. వేలు ఆకుపచ్చ దాటింది, పసుపు దాటింది, నారింజలో ఆగింది.

ఇంక నాకు నిలకడ ఎక్కడిది? ముల్లు సున్నాకి తిప్పి వాకిట్లో వాళ్లని మళ్లీ తూచాను. వెళ్లిపోయిన వాళ్ల కోసం కాటా సంచీలో వేసుకుని, ఉయ్యాల భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో దూలానికి కట్టాను, ఒక ఇంట్లో చూరు అందక వల ఆరేసే గుంజకి కట్టాను. పిల్లలు వెంటబడి "టీచరమ్మ మళ్లీ వచ్చింది" అని ఊరంతా టముకు వేశారు. మధ్యాహ్నం అన్నం తిన్నట్టు గుర్తులేదు. పొద్దువాలేసరికి లెక్క తేలింది. పదకొండు మంది పసుపులో, ఒకతె నారింజలో.

ఆ ఒకతె తల్లి పనినుంచి వచ్చేదాకా వాళ్ల అరుగు మీద లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. ఆ అమ్మాయి నాకంటే రెండేళ్లు చిన్నది. జీడి పాలకి వేళ్లు నల్లబడి ఉన్నాయి, కడుక్కునేదాకా పిల్లని ముట్టుకోలేదు. నేను చెప్పాల్సిందంతా గబగబా చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నాను సెప్పినాను కద టీచరమ్మా" అంది నెమ్మదిగా. "పాలు సరిగ్గా తాగట్లేదు, ఊరికే నీరసంగా పడుకుంటంది అని. రెండు నెల్లకితం. నువ్వు కాటా సూసి, బాగానే ఉంది, ఆకుపచ్చలో ఉందన్నావు. ఊరుకున్నాను."

నిజంగానే చెప్పింది. నేను ఆ పిల్ల మొహం చూడలేదు, ముల్లు చూశాను. చూసి, పాట పాడాను.

"రేపు పొద్దున్న మొదటి బస్సుకి ఆసుపత్రికి పోదాం" అన్నాను.

"రేపు నీకు మీటింగంట కదా, ఊరంతా సెప్పుకుంటన్నారు."

"పోతే పోయింది" అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఇప్పుడు నా సెంటరులో కొత్త కాటాలొచ్చాయి, పిల్లని నిలబెడితే అంకెలు వెలుగుతాయి. కొత్తగా చేరే అమ్మాయిలకి చూపించమని నా దగ్గరికే పంపిస్తుంటారు. వాళ్లకి మర సంగతి చెప్తాను, అంతకంటే ముందు, తల్లి ఏదైనా చెబితే పెన్ను కింద పెట్టి వినండి అని చెప్తాను. ఎందుకు అంటే నవ్వి ఊరుకుంటాను. (ఆ బొట్టె ఇప్పుడు హైస్కూలులో కబడ్డీ ఆడుతోంది. ఎదురొస్తే నేనే పక్కకి తప్పుకోవాలి.) కానీ ఒక్కోసారి, జీడిచెట్ల ముందు నిలబడి "గౌరవనీయులైన" అంటూ చేతులూపిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. దాన్ని తిట్టాలనిపించదు. అంత ధీమాగా పాడటం ఇప్పుడు నాకు రాదు మరి.

ఆ తూకాల రోజు మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకి తల్లి, పిల్ల, నేను ఎక్కాం. మామ్మ కూడా ఎక్కింది, ఆసుపత్రి కాటా కూడా ఎలా ఉందో సూత్తాను అని. కాశీబుగ్గలో దిగేసరికి ఇంకా ఆసుపత్రి తెరవలేదు. వాళ్లని టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, నేను నేరుగా మేడమ్ ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను. ఆవిడ నోట్లో బ్రష్షుతో, నోటి నిండా నురగతో తలుపు తీసింది. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. బొంత, మర, మొగ్గు, పదకొండు మంది, ఐదు ముప్పావు, పాటల సంగతి అబద్ధం, అన్నీ కలిపి గుమ్మంలోనే కుమ్మరించేశాను. ఆవిడ ఏదో అనబోయింది, నురగ అడ్డొచ్చింది. కూర్చోమన్నట్టు కుర్చీ చూపించి పెరట్లోకి పరిగెత్తింది. లోపలినుంచి పుక్కిలిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నాకా, కూర్చోవడం చేతకాదు. ఆవిడ నోరు కడుక్కుని వచ్చి ఏం తిడుతుందో అని ఎదురుచూడటం అసలే చేతకాదు. అరుగు మీద రిజిస్టరు విప్పి, ఎర్ర పెన్ను మూత తీసి, ముందుగా ఆ పిల్ల పేజీలో నా ఆకుపచ్చ చుక్కని కొట్టేసి, కింద నారింజలో, అది ఉండాల్సిన చోట, కొత్త చుక్క పెట్టాను.