టాస్క్‌బార్‌లో మూడు క్యాలిక్యులేటర్లు

డిగ్రీ రెండో ఏడాదిలో మూడు సబ్జెక్టులు మిగిలిపోయినప్పుడు, మళ్ళీ పరీక్షలు వచ్చేదాకా నేను ఇంట్లో కూర్చుంటే ఇంటికి మంచిది కాదని మా నాయన నన్ను పత్తికొండలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కుదిర్చాడు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన కాలం. నాకు కంప్యూటర్ వచ్చునని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఆర్నెల్ల కోర్సు సర్టిఫికెట్టు. ఆ ఆర్నెల్లలో సగం రోజులు కరెంటు లేదు.

ప్రెస్సులో టమోటా మండీల బిల్లుబుక్కులు, పెళ్ళిపత్రికలు, చర్చి కరపత్రాలు వేసేవాళ్ళం. ఒక గోడకు పాత కాలం నిలబడి ఉండేది: ఏటవాలుగా పెట్టిన చెక్క కేసులు, వాటి నిండా చిన్న చిన్న గడులు, ఒక్కో గడిలో ఒక్కో సీసం అక్షరం. ఎదురు గోడకు ప్లాస్టిక్ కవరు కప్పుకుని కంప్యూటరు ఉండేది. యజమాని రోజూ పొద్దున దానికి ఊదుబత్తి తిప్పేవాడు. పొగ ఫ్యాన్లోకి పోతుందని చెప్పాను. దేవుడికి పోతుందన్నాడు. ఇద్దరిదీ నిజమే కావచ్చు.

యజమానిని అందరూ సావుకారు అనేవాళ్ళు. తాతల నుంచి వచ్చిన ప్రెస్సు అది. ఆయన తర్వాత అక్కడ మిగిలిన మనిషి కంపోజిటర్. ముప్పై ఏళ్ళుగా ఆ కేసుల ముందు నిలబడి, సీసం అక్షరాలు ఏరి పేర్చిన మనిషి. ఆదివారం వాళ్ళ ఊరి చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. నేను పెదనాయనా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను అబ్బోడా అనేవాడు. ఆయనకు కంప్యూటర్ నేర్పడం నా ఉద్యోగం.

మొదటి రోజు స్క్రీను అడుగున ఉన్న టాస్క్‌బార్ చూపించాను. స్టార్ట్ బటన్ పక్కన వరసగా చిన్న చిన్న బొమ్మలు. ఒక్కోదాని మీద నొక్కితే ఒక్కో ప్రోగ్రాం తెరుచుకుంటుందని చెప్పాను.

"అంటే ఇది నీ కేసు" అన్నాడు.

"అట్లే అనుకో."

"మరి అన్ని గడులూ ఒగటే సైజు ఎందుకుండాయి?"

నాకు అర్థం కాలేదు. నన్ను చెయ్యి పట్టుకుని చెక్క కేసు దగ్గరకు తీసుకుపోయాడు. ఎక్కువగా వాడే అక్షరాలకు చేతికి ఎదురుగా పెద్ద గడులు. ఎప్పుడో ఒకసారి పనిపడే వాటికి మూలల్లో ఇరుకు గడులు. "న కూ ఝ కూ సమానంగా గది కట్టించినోడు ఎవడో గానీ, వాడు ఒక్కరోజు గూడా కంపోజింగు చేసుండడు" అన్నాడు. ఆ ప్రోగ్రాములు రాసినవాళ్ళెవరూ పత్తికొండకు రాలేదు కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది. నేను మంచినీళ్ళు తాగడానికి పోయాను.

బొమ్మల్ని మౌసుతో పట్టుకుని ఎక్కడికైనా జరుపుకోవచ్చని చెప్పడం నా తప్పు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన కంపోజింగు నేర్చుకోలేదు. టాస్క్‌బార్ సర్దుకున్నాడు. ఒకసారి ఎక్కడో పట్టుకుని లాగితే మొత్తం బారు స్క్రీను కుడిపక్కకు పోయి నిలువుగా నిలబడింది. "అబ్బోడా, నీ పట్టీ లేసి గోడకి ఆనుకునింది, సూడు" అని పిలిచాడు, పక్కింటి మేక లోపలికి వచ్చిందన్నంత మామూలుగా. కిందికి దించాను. దాన్ని పైకి సాగదీసి రెండు వరసలు చేయించుకున్నాడు. పై వరసలో ఎప్పుడో వాడేవి, కింది వరసలో రోజూ వాడేవి. పేజీలు తయారుచేసే ప్రోగ్రాం రెండుచోట్ల. తెలుగు టైపుది నడిమధ్య. క్యాలిక్యులేటర్ మూడుచోట్ల.

క్యాలిక్యులేటర్‌ను ఆయన ఒక్కసారి కూడా తెరవలేదు. సరదా అనుకున్నాను. పెద్దవాళ్ళ సరదాలకు కారణాలు అడగకూడదని మా ఇంట్లో నేర్చుకున్నాను.

రెండు నెలల్లో ఆయన చెయ్యి కుదిరింది. టైపు కొట్టేటప్పుడు కీబోర్డు చూసేవాడు కాదు. మౌసును కూడా చూడకుండానే కిందికి లాగి టక్కున నొక్కేవాడు. కావలసిందే తెరుచుకునేది. ముప్పై ఏళ్ళ అనుభవం అని మేం మెచ్చుకున్నాం. ఇంకో కారణం ఉండవచ్చని మాకు తోచలేదు.

ఒక సోమవారం సావుకారు చెప్పాడు: సీసం, కేసులు పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తున్నాను, గురువారం బండి వస్తుంది. ఆయన మాటలో కోపం లేదు, జాలి లేదు. కంపోజిటర్‌తో అన్నాడు:

"బుధవారం పొద్దున నా కండ్ల ముందర చర్చి సభల పాటల కాగితం నువ్వే చెయ్యల్లప్పా. ఈ పిల్లోడు చెయ్యి పెట్టగూడదు. చేస్తే ఆ కుర్చీ నీది. చెయ్యకపోతే బైండింగు చూసుకుందువు."

బైండింగు అంటే బిల్లుబుక్కులు కుట్టి జిగురు రాయడం. దానికి మనిషిని రోజు కూలికి పిలుస్తారు. పని లేని రోజు పిలవరు. టమోటా మండీలో పని లేని నెలలు చాలా ఉంటాయి. పెదనాయన "సరే సెట్టీ" అన్నాడు.

మంగళవారం సాయంత్రం ఆయన బస్సుకు పోయాక నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రేపు ఆయనకు పరీక్ష. పరీక్షల విషయంలో నా అనుభవం ఏ దిక్కుగా నడిచిందో ముందే చెప్పాను. అయినా సాయం చేద్దామనిపించింది. పరీక్షకు పోయే పిల్లవాడికి తల దువ్వినట్టు ఆ టాస్క్‌బార్‌ను దువ్వాను. రెండు వరసల్ని ఒకటి చేశాను. రెండోసారి ఉన్నవన్నీ తీసేశాను. మూడు క్యాలిక్యులేటర్లు తీసేశాను. మిగిలిన వాటిని పేర్ల వరసలో పెట్టాను. ఎవరూ కదపకుండా బారుకు తాళం వేసే ఒక టిక్కు ఉంటుంది, అదీ పెట్టాను. వెనక్కి జరిగి చూస్తే ఎంత అందంగా ఉందంటే, కాసేపు లేవబుద్ధి కాలేదు.

బుధవారం పొద్దున సావుకారు స్టూలు వేసుకుని వెనక కూర్చున్నాడు. పెదనాయన కుర్చీలో కూర్చుని, మౌసును కిందికి లాగి, చూడకుండా నొక్కాడు. బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరుచుకుంది. మూశాడు. మళ్ళీ నొక్కాడు. పాటలు వినేది తెరుచుకుంది. మూడోసారి నొక్కకుండా చెయ్యి ఆపాడు. ఆపి ముందుకు వంగాడు. ముక్కు స్క్రీనుకు తగిలేంత దగ్గరకు వంగి, ఎడమ నుంచి కుడికి, ఒక్కో బొమ్మనూ వాసన చూస్తున్నట్టు వెతికాడు.

ఆయన అట్లా వంగడం నేను అంతకుముందు చూడలేదు.

"ఏమప్పా, కండ్లు కనపడల్యాదా?" అన్నాడు సావుకారు.

"కనపడతాండాయి."

సావుకారు లేచి, బల్ల మీద నుంచి ఒక పెళ్ళిపత్రిక తీసి చేతికిచ్చాడు. "ఇది సదువు."

ముహూర్తం నుంచి అడుగున మా ప్రెస్సు పేరు దాకా తడుముకోకుండా చదివాడు. పోయిన నెల ఆయనే పేర్చిన పత్రిక. పైగా తలకిందులుగా పట్టుకున్నాడు. సీసంలో అక్షరాలు తలకిందులుగానే ఉంటాయి కాబట్టి దానిలో తప్పు పట్టడానికి లేదు. సావుకారు మూడు తరాల వ్యాపారి. సొరుగు తీసి ఎదుటి వీధి ప్రెస్సు వేసిన పత్రిక ఇచ్చాడు. పెదనాయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"వాళ్ళ అచ్చు బాగల్యా సెట్టీ" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇంకెవరికీ రాలేదు కాబట్టి నాది కూడా మధ్యలో ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచప్పా?"

"పొర కమ్మి నాలుగేండ్లయింది, మసగ్గా ఆకారాలు తెలుస్తాయి గానీ అచ్చు కనపడదు. రాసి తెచ్చినోళ్ళతోనే సదివిచ్చుకుంటాంటి, కేసుకాడ కండ్లతో పని ల్యాదు. చేతికి తెల్సు. దీని మిందా తెల్సు, నిన్నటిదాకా." ఆయన నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

"నేను సర్దినా" అన్నాను.

"ఏంది సర్దింది?" అన్నాడు సావుకారు.

"నిన్న సాయంత్రం. టాస్క్‌బార్ను. అంతా గజిబిజిగా ఉండాదని, బాగుంటుందని…"

సావుకారు ముఖంలో అప్పటిదాకా పెదనాయన కళ్ళ గురించిన ఆలోచన ఉంది. అది పోయి వేరేది వచ్చింది. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాయన దగ్గర ఆ కేసుల కిందే ఆడుకుని పెరిగాడట. ఒక కంపోజిటర్ కేసులో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదన్నది ఆ ప్రెస్సులో గోడ మీద రాయని కట్టుబాటు. యజమాని కొడుకైనా సరే. ఒకసారి ఆయన ఆటకు రెండు గడులు కలిపేస్తే, వాళ్ళ నాయన కంపోజిటర్ ఎదుట నిలబెట్టి ఒక్కో అక్షరం ఏరించాడట. ఇదంతా ఆయన నాకు మూడు వాక్యాల్లో చెప్పాడు. నాలుగో వాక్యం ఇక్కడ రాయను.

"మజ్జాన్నం లోపల యాడివి ఆడ పెట్టు" అని స్టూలు తీసుకుని బయటికి పోయాడు.

యాడివి ఆడ పెట్టాలంటే ఏది ఎక్కడుందో గుర్తుండాలి. నాకు ఒక్కటీ గుర్తు లేదు. రెండు నెలలు నా కళ్ళ ముందే ఉంది, కళ్ళు బాగున్నవాణ్ణి నేనే. పెదనాయన కళ్ళు మూసుకుని, బల్ల మీద రెండు వరసలుగా వేళ్ళతో తడుతూ చెప్పుకుంటూ పోయాడు.

"కింది వరసలో ఎడం పక్క నుంచి పేజీది. దాని పక్కన క్యాలికేటరు. తర్వాత తెలుగుది. తర్వాత క్యాలికేటరు. తర్వాత ప్రింటుది…"

"పెదనాయనా, క్యాలిక్యులేటర్ నువ్వు తెరిచిందే ల్యాదు గదా. మూడు ఎందుకు?"

ఆయన కళ్ళు తెరిచాడు. "అబ్బోడా, సీసంలో రెండు మాటల మధ్య ఖాళీ ఎట్ల పెడతారు?"

"ఖాళీగా వదిలేస్తారు."

"వదిలేస్తే పక్కది వచ్చి మింద పడతాది. ఖాళీకి గూడా ఒక సీసం ముక్క ఉండాది. అక్షరం కంటే ఎత్తు తక్కువ, మసి అంటదు, కాగితం మీదికి రాదు. కానీ అది ల్యాకపోతే వరస నిలబడదు. తెలుగుదానికీ ప్రింటుదానికీ మధ్య ఏదో ఒగటి ల్యాకపోతే నా చెయ్యి జారి అటు పడతాంది. అందుకే పనికిరానిది ఏదని సూసి అది పెట్టుకుంటి."

నేను పనికిరానివని తీసేసింది వాటినే. నేను చేసిన సర్దుడు చూసేవాడికి బాగుంటుంది. ఆ బారు ఆయనకు ఎన్నడూ సరిగా కనపడలేదు. ఇది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను గానీ, ఆ పూట ఇంత ఆలోచన రాలేదు. మూడో క్యాలిక్యులేటర్ ఎక్కడ పెట్టాలన్న భయమే ఉంది.

అన్నీ పెట్టాక, "మళ్ళా ఎవరూ కదపకుండా తాళం వేస్తా" అన్నాను.

"తాళం దానికెందుకప్పా" అన్నాడు. "నీ చేతికెయ్."

మధ్యాహ్నం సావుకారు వచ్చి మళ్ళీ స్టూలు వేసుకున్నాడు. పెదనాయన మౌసు లాగి నొక్కాడు. తెలుగుది తెరుచుకుంది. చర్చి పాటలు, వాళ్ళు రాసిచ్చిన కాపీ చూడకుండానే కొట్టాడు, పెదవులు కదులుతుంటే వాటి వెంబడి వేళ్ళు. పేజీ కుదిర్చి, ప్రింటు తీసి, లేచి నిలబడి ఇచ్చాడు. సావుకారు కళ్ళజోడు పెట్టుకుని పది నిమిషాలు చదివాడు. తప్పులు రెండు దొరికాయి. అంతకుముందు వారం నేను చేసిన కరపత్రంలో తొమ్మిది ఉన్నాయని ఆయన ఎవరినీ ఉద్దేశించకుండా గుర్తుచేసుకున్నాడు.

"పాటలు సరే. నీకు రానివి వస్తే?"

నేనన్నాను, "నేను సదువుతా, ఆయన కొడతాడు."

"నువ్వు ప్రూఫులు గూడా సూస్తావు" అన్నాడు సావుకారు. "కర్నూలుకు పిల్సకపోయి కండ్లు గూడా నువ్వే సూపిచ్చుకొస్తావు. ఆయన కుర్చీ యాడికీ పోదు, పో."

గురువారం బండి వచ్చి సీసం తీసుకుపోయింది. ఖాళీ కేసు ఒకటి ఇవ్వమని పెదనాయన అడిగి ఇంటికి తీసుకుపోయాడు. ముప్పై ఏళ్ళ బంధం కదా అనుకున్నాను. తర్వాత వాళ్ళింటికి పోతే దానిలో ఆవాలు, మెంతులు, జీలకర్ర ఉన్నాయి. ఆవాలకు పెద్ద గడి, చేతికి ఎదురుగా. మూత లేదని, చీమలు పడుతున్నాయని పెద్దమ్మ నన్నే తప్పు పట్టింది.

నెల తర్వాత ఇద్దరం కర్నూలు బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన భయపడలేదు. నేనే పడ్డాను. ఆపరేషను అయింది. ఒక కంటికి ముందు, ఇంకో కంటికి రెండు నెలలాగి. నల్లద్దాలు తీసేసి ప్రెస్సుకు వచ్చిన రోజు కుర్చీలో కూర్చుని ఆ టాస్క్‌బార్‌ను మొదటిసారి నిజంగా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ బొమ్మలు ఇంత అసయ్యంగా ఉండాయా" అన్నాడు.

నేను సందు దొరికిందనుకున్నాను. అప్పటికి నేర్చుకున్నదాన్ని బట్టి మౌసు ముట్టుకోకుండా అడిగాను. "ఇప్పుడు కనపడతాండాయి గదా పెదనాయనా. క్యాలిక్యులేటర్లు తీసేద్దామా?"

"కండ్లకు చేసినారు గానీ, చేతికి చెయ్యల్యా గదప్పా" అని, చూడకుండానే తెలుగుది తెరిచాడు.

నేను కాపీ అందుకుని చదవడం మొదలుపెట్టాను.