డొంకలోకి దిగిన పికప్

వరప్రసాదం పికప్ ఎక్కాలంటే ఆడవాళ్లు ముందు చీర కుచ్చిళ్లు పట్టుకోవాలి, తర్వాత తలుపు పిడి పట్టుకోవాలి, ఆ తర్వాత దేవుణ్ణి తలుచుకోవాలి. ఈ వరస కనిపెట్టింది అతని భార్య కరుణ. ఆదివారం చర్చికి బయల్దేరేటప్పుడు ఆవిడ వంటింట్లోంచి నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు తెచ్చి తలుపు కింద వేసుకుని ఎక్కేది. ఎక్కాక, స్టూలుకి కట్టిన తాడు పట్టుకుని దాన్ని కూడా పైకి లాక్కునేది. ఏటిగట్టు మీద జనం ఆగి చూసి నవ్వేవారు. వరప్రసాదమూ నవ్వేవాడు. ఆ స్టూలు తనకేదో చెబుతోందని అప్పటికి తట్టలేదు.

కువైట్‌లో అతను పనిచేసిన షెడ్డుకి ఒకటే వ్యాపారం: బాగున్న బండ్లని ఇంకా ఎత్తు చెయ్యడం. డబ్బున్న కుర్రాళ్లు కొత్త బండి తెచ్చి అప్పగిస్తే, ఇరుసుకీ, కుదుపు మింగే కమాన్లకీ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి, పొడుగు బోల్టులు బిగించి, బండిని లేపి, కింద ఇంతింత లావు మడ్ టైర్లు తగిలించేవారు. బురద అన్నది కంటికి కనబడని దేశంలో బురద టైర్లు. శుక్రవారం వస్తే ఆ బండ్లన్నీ ఇసక దిబ్బల మీద గెంతడానికి పోయేవి. సొంతదారుణ్ణి తప్ప ఇంకే బరువూ మోసేవి కావు. గల్ఫ్ వెళ్లినవాళ్ల గురించి రాసేటప్పుడు నాలుగు కన్నీటి చుక్కలు చల్లడం మనకి ఆచారమైపోయింది. వరప్రసాదం ఏడవలేదు. అతనికి విసుగెత్తింది, అంతే. తన చేత్తో లేపిన బండి ఒక్కటైనా పనికొచ్చే సరుకు మోస్తుంటే చూడాలనిపించి తిరిగొచ్చాడు.

కొత్తపేట పక్కనున్న వాళ్ల ఊరికీ, ఎదురుగా గోదావరిలో ఉన్న లంకకీ మధ్య గౌతమి పాయ ఒకటి ఉంది. వేసవిలో అది ఎండిపోయి ఇసక పర్ర తేలుతుంది. నడుమ మాత్రం ఒండ్రు చిత్తడి చిత్తడిగా ఉండిపోతుంది. లంకలో కోసిన అరటిగెలలు ఇవతల గట్టు మీదున్న లారీకి చేరితే, అక్కణ్ణించి రావులపాలెం మార్కెట్టుకి పోతాయి. ఏరు దాటించే పని ఇన్నేళ్లూ లోవరాజు ట్రాక్టరుది. ట్రాక్టరు తొట్టికి కమాన్లుండవు, ప్రతి గతుకూ నేరుగా గెలకే తగులుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు కనబడని ఆ దెబ్బ పండేసరికి నల్లమచ్చై తేలుతుంది. ట్రాక్టరు వెళ్లే చోటికి వెళ్లగలిగి, ట్రాక్టరులా కుదపని బండి ఉంటే? ఈ ప్రశ్నకి జవాబు కువైట్ తనకెప్పుడో నేర్పిందని వరప్రసాదానికి అనిపించింది.

నాలుగు చక్రాలూ లాగే పాత పికప్ ఒకటి దొరికింది. దిమ్మలు రావులపాలెంలో లేత్ మీద తీయించాడు. పెరట్లో జాకీలు పెట్టి తనే బిగించుకున్నాడు. బండి లేచింది కదా అని బ్రేకు గొట్టం దానంతటది పొడుగవదు. అది మార్చాడు. టైర్లు రుద్దుకోకుండా మడ్‌గార్డుల అంచులు కోశాడు. ఇలాంటి బండి పెద్ద రోడ్డెక్కితే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అందుకని గట్టుకీ లంకకీ మధ్యే తిప్పాలని ముందే అనుకున్నాడు.

లంకలో పెద్ద తోటలు సుబ్బరాజుగారివి. ఆయన ఒక్క కోత ఇస్తానన్నారు. గెలలు దెబ్బ తినకుండా గట్టెక్కితే ఈ వేసవి సరుకంతా వరప్రసాదం బండికే, లేకపోతే మళ్లీ లోవరాజు ట్రాక్టరుకే. అదే వారంలో కువైట్ నుంచి పాత యజమాని కబురు పెట్టాడు, నెలాఖరులోగా సరేనంటే వీసా పంపుతానని. కోతకి ముందు రోజు సాయంత్రం కరుణ వాకిట్లో బండి పక్కన నిలబడి అడిగింది.

“రాజుగారు వద్దంటే?”

“అనరు.”

“అంటే, అని అడుగుతున్నాను.”

“అంటే కువైటే.”

కరుణ స్టూలు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఏటి ఒడ్డున ఆగి, టైర్లలో గాలి సగం దాకా తీసేశాడు. మెత్తబడిన టైరు ఇసక మీద పరుచుకుంటుంది, దిగబడదు. బండి ఇసక దాటింది. ఒండ్రులో కొంచెం తోక ఊపింది గానీ, అదీ దాటింది. అద్దంలో చూసుకుంటే గట్టు మీద లోవరాజు బీడీ కాలుస్తూ కనబడ్డాడు. అవసరమైతే పిలుస్తానని సుబ్బరాజుగారు అతన్ని అక్కడ ఉంచారు. ఆ ఉంచడంలో దాపరికమేమీ లేదు.

తోటలో గెలలు కోసి ఆకుల మీద పేర్చి ఉన్నాయి. మోసే ఆడవాళ్లు పదిమందికి సువార్తమ్మ మేస్త్రి. వరప్రసాదానికి వరసకి పిన్ని. ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. టైరు మీద చెయ్యి వేసింది. తర్వాత తలెత్తి వెనక తలుపు వైపు చూసింది.

“ఏరా ప్రసాదం, బండికి మేడ కట్టేవు, బానే ఉంది. మెట్లు కువైట్‌లో మర్చిపోయేవా?”

“బల్ల వేస్తాను పిన్నీ.”

బల్ల ఉంది. ఎప్పుడూ ఉండేదే. లంకలో గెలని కింద నుంచి పైకి అందివ్వరు. అందిస్తే చేతులు మారేటప్పుడు కాయలు ఒరుసుకుంటాయి. నెత్తి మీద గెలతో బల్ల మీదుగా నడిచి తొట్టిలోకి వెళ్లి, మోసిన మనిషే దాన్ని నిలువుగా దించుతుంది. లోవరాజు తొట్టికి సరిపోయేలా కోసిన బల్ల అది. ఈ బండి ఆ తొట్టికంటే జానెడు ఎత్తు. జానెడే కదా అనుకోవచ్చు. నెత్తి మీద గెల పెట్టుకుని ఎక్కేవాళ్లకి ఆ జానెడుతో బల్ల నిచ్చెనైపోతుంది. పైగా పొడుగు కాళ్ల బండి కదా, అడుగు వెయ్యగానే పక్కకి ఊగింది. ముందు ఎక్కిన కనకమ్మ సగంలో ఉండగా బల్ల జరిగింది. ఆవిడ తెలివిగా పక్కకి దూకేసింది, దెబ్బేం తగల్లేదు. గెల మాత్రం నేలకి తగిలి రెండు హస్తాల కాయలు చితికిపోయాయి.

గెల చితికినప్పుడు, దగ్గరుండి చూస్తున్న సుబ్బరాజుగారు మొహం చిట్లించారు గానీ గొంతు పెంచలేదు. “ఏమోయ్ ప్రసాదం, లోవరాజుని రమ్మననా?” అన్నారు, మంచినీళ్లు తాగుతావా అన్నంత మామూలుగా.

“ఒక్క పావుగంట ఆగండి రాజుగారూ.”

“ఆయ్, ఆగుదాం.”

పావుగంటలో ఏం చెయ్యాలో వరప్రసాదానికి తెలియదు. దిమ్మలు పీకాలంటే సగం రోజు పడుతుంది. పీకితే బండి పొట్ట ఒండ్రులో కూర్చుంటుంది. ఎత్తు తీస్తే ఏరు దాటదు, ఎత్తు ఉంచితే సరుకు ఎక్కదు. కువైట్‌లో ఇన్నేళ్లు పనిచేసి ఈ చిక్కు ఒక్కసారీ ఎదురవలేదంటే కారణం సులువే. అక్కడ ఆ బండ్లలోకి ఎవరూ దేన్నీ ఎక్కించలేదు. ఇక్కడైతే ప్రతి ఆదివారం తన కళ్లెదుటే ఒక మనిషి స్టూలు వేసుకుని ఎక్కింది. తను నవ్వాడు.

సువార్తమ్మ నెత్తి మీది చుట్టకుదురు విప్పి మళ్లీ చుట్టుకుంటూ అంది. “మేం అంత పైకి రాలేం గానీ, దాన్నే కిందకి దింపు. అదిగో డొంక. అందులో పాతిపెట్టు. అప్పుడు మా కాళ్లకి అందుద్ది.”

ఆడవాళ్లందరూ నవ్వారు. చితికిన గెల ఎదురుగా ఉన్నందుకేమో, కనకమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

వరప్రసాదం డొంక వైపు చూశాడు. రెండు తోటల మధ్య బండి పట్టేంత దారి అది. గట్లకంటే నడుం దాకా లోతుగా ఉంటుంది, రెండు తోటల తడీ దాంట్లోకే చేరుతుంది. నిండా బురద. లోవరాజు ట్రాక్టరు కూడా తొట్టితో దాంట్లోకి దిగేది కాదు. దిగి దిగబడితే లాగడానికి ఆ లోవరాజే రావాలి, ఆ తర్వాత ఇక మాట్లాడేదేం ఉండదు. అయినా, బురద టైర్లు కొన్న మనిషి బురదకి జడిస్తే ఎలా?

“పిన్నీ, గట్టు మీద అడ్డున్న ఆకులు తీయించు” అన్నాడు.

“నేను వేళాకోళానికి అన్నాన్రా.”

“తెలుసు. తీయించు.”

బండిని డొంక మొదటికి తీసుకెళ్లి వెనక్కి దింపాడు. చక్రాలు ఒకచోట ఊరికే తిరిగాయి, బురద లేచి అద్దం నిండా పడింది. కాలు తీశాడు. మెల్లగా మళ్లీ తొక్కాడు. టైరు పళ్లు అడుగున గట్టి నేలని పట్టాయి. తోట గట్టు పక్కకి చేర్చి ఆపి, తలుపు తీసి చూశాడు. బండిలో సరుకు పెట్టే అడుగు పలకా, గట్టూ దాదాపు ఒకే మట్టాన ఉన్నాయి. దాని పక్క డోరు దింపితే అదే గట్టుకీ బండికీ వంతెనలా కూర్చుంది. టైర్లు బురదలో కుదురుకున్నాయి కాబట్టి ఊపు కూడా తగ్గింది.

సువార్తమ్మ ముందు ఒక కాలు పెట్టి నొక్కి చూసింది. తర్వాత రెండోది. తర్వాత ఒక గెల నెత్తిన పెట్టించుకుని, గది దాటి గదిలోకి వెళ్లినట్టు నడిచి, బండి మూలన దించింది.

“ఎక్కే పనే లేదర్రా, రండి” అని పిలిచింది.

బల్ల ఆ రోజు ఇక అక్కర్లేకపోయింది. నిండిన బండితో డొంకలోంచి పైకి రావడం దిగడంకంటే కష్టమైంది. ఒకసారి పక్కకి జారి గట్టుని గీరింది. సుబ్బరాజుగారు గట్టు మీదే నడుస్తూ వచ్చారు. బండి పైకొచ్చింది. ఏరు దాటింది. లారీ దగ్గర ఆయన నాలుగైదు గెలలు తిప్పి చూసి, అడుగునున్న ఒకదాని కాయలు వేలితో నొక్కి, లోవరాజు వైపు తిరిగి ఇక ట్రాక్టరుకి దుక్కుల పని సంగతి మాట్లాడదాం, సాయంత్రం రమ్మన్నారు. వరప్రసాదంతో “ఎల్లుండి కింది తోట. ఆ డొంక ఇంకా లోతు, చూసుకో” అన్నారు.

ఆయనకి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు తెలియదు.

సువార్తమ్మ ఊరుకోలేదు. సాయంత్రం తమనీ ఏరు దాటించాలంది. ఇసకలో కాళ్లు కాలుతున్నాయట. అక్కడ డొంక లేదు, గట్టూ లేదు. ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ, బండినీ దాని తాతనీ తిట్టుకుంటూ ఎక్కారు.

ఆ రాత్రి కువైట్ యజమానికి వరప్రసాదం ఫోనులో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు: ఇక్కడ పని ఉంది, రాలేను. పొద్దున్న బండికి రెండు వైపులా ఇనుప మెట్లు అతికించాడు. ఇన్నేళ్లలో బండ్లకి అతను చేసిన మార్పుల్లో ఎక్కేవాళ్లని తలుచుకుని చేసింది ఇదొక్కటే.

కరుణ మెట్టు మీద కాలు పెట్టి, ఎక్కి కూర్చుని, దిగింది. స్టూలు తాడు విప్పేసి వంటింట్లోకి తీసుకుపోయింది.