మేడమ్ నేర్పిన పగ

మొన్న ఆదివారం పొద్దున జూనియర్ ఫోన్ చేసింది. "అక్కా, మన మేడమ్ పోయిండ్రు," అని ఏడ్చింది. యాప్రాల్‌లోని ఇంట్లో, నిద్రలోనే పోయారట.

మీలో చాలామందికి ఆమె తెలియకపోవచ్చు. శామీర్‌పేట వైపున్న మా కాలేజీలో పీహెచ్‌డీ చేసేవాళ్లకు, తమ పరిశోధనను నలుగురికీ అర్థమయ్యేలా రాయడం, బొమ్మల్లో చూపడం నేర్పేవారు. రాసిన ప్రతి వాక్యం పైకి చదివించేవారు. మధ్యలో ఊపిరి అందక ఆగితే, "నీకే దమ్ము ఆడుతలేదు, సదివెటోనికి ఆడ్తదా?" అనేవారు. ఇప్పటికీ ఏం రాసినా ఆమెకు వినిపిస్తున్నట్టే రాస్తాను.

నాది జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టూ ఉన్న బోరునీళ్ల మీద పరిశోధన. ఏ బోరు ఎంత చెడిపోయిందో చూపే పటాన్ని ఆమె నాతో ఎన్నిసార్లో గీయించారు. మా గైడు దాని మీద నా పేరు చెరిపేసి, ఒక సదస్సులో తనదిగా చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఏడుస్తూ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"ఏడ్వకు బిడ్డా, పగ వట్టు. గని లొల్లి జెయ్యకు. ఎవల బోర్లు గీసినవో, వాళ్లను నీ వైవాకు పిలువు," అన్నారు.

పిలిచాను. వైవాకు ఎవరైనా వచ్చి వినొచ్చు. కాలనీ ఆడవాళ్లు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. గైడు లేచి "మా పటం" అనగానే ఒకామె అడిగింది: "సారూ, గీ ఎర్ర సుక్క మా గల్లీదేనా? మా నీళ్లల్ల ఏమున్నది?"

ఆయన పటం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను కదల్లేదు. వెనక నుంచి మేడమ్ అన్నారు: "గీసినోళ్లను అడుగున్రి, జెప్తరు."

అప్పుడు లేచి ఒక్కో బోరు గురించీ చెప్పాను. ఆ రోజు మాడిపోయిన ఆయన ముఖం గుర్తొస్తే ఇప్పటికీ తియ్యగానే ఉంటుంది.

ఆ కసి ఆయన మేడమ్ మీద తీర్చుకున్నాడు. "బొమ్మల క్లాసు దేనికి?" అని ఆమె పాఠమే తీసేయించాడు. ఆమె తన ఇంటి వరండాలో బల్ల వేసుకుని చివరిదాకా చెప్పారు. ఆయన కింద చేరిన పిల్లలూ అక్కడికే వచ్చేవాళ్లు.

"మీకు కోపం లేదా మేడమ్?" అని అడిగాను ఒకసారి.

"ఉన్నది. గందుకే గదా మీకు ఇంక మంచిగ జెప్తున్న," అని నవ్వుతూ టీ పోశారు.

ఆమెను తీసుకెళ్లే రోజు మా గైడు పెద్ద గులాబీల దండతో, వెంట ఫొటోగ్రాఫర్‌తో వచ్చాడు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లమంతా పాడె చుట్టూ భుజాలు ఆనించి నిలబడి ఉన్నాం.

"జర జరుగున్రి," అన్నాడు.

ఎవరూ జరగలేదు. నాకు జాలి కలగలేదు. పాడె ఎక్కించిన వ్యాను కదిలేదాకా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. దండలోంచి నీళ్లు బూట్ల మీదికి కారుతున్నాయి.