విడిచి లేచిన రొట్టె

హైదరాబాదులో బోర్డు లేని హోటళ్లు వెతకడం నాకో పిచ్చి. పిచ్చి అనేది మా ఆయన మాట, నేనైతే అభిరుచి అని చెప్పుకునేదాన్ని. ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక గల్లీలో దూరాల్సిందే. టైలరు దుకాణం పైన మధ్యాహ్నం ఒక్క పూట ఖిచిడీ వండే ఇల్లు, పాత ఇనుప సామాన్ల గోదాము వెనక తలకాయ కూర పెట్టే రేకుల షెడ్డు, ఇవన్నీ నేనే కట్టించినట్టు సోమవారం ఆఫీసులో కోతలు కోసేదాన్ని. "మీరు ఏసీలో కూర్చుని పనీరు ముక్కలు నములుతూ ఉండండి" అని తోటివాళ్లను దెప్పేదాన్ని. "తిండికి కులమేంటి, మతమేంటి" అని నా దగ్గర ఒక ఉపన్యాసం కూడా ఉండేది. అడిగినా అడగకపోయినా వినిపించేదాన్ని. ఇప్పుడు గుర్తొస్తే నా నోరు నేనే మూసుకోవాలనిపిస్తుంది.

ఇలాంటి చోట్లు పట్టుకోవడానికి నాకో లెక్క ఉంది. మిట్టమధ్యాహ్నం ఒక ఇంటి ముందు పదిహేను జతల చెప్పులు కనబడితే అక్కడ చావైనా ఉండాలి, తిండైనా ఉండాలి. ఏడుపు వినబడకపోతే లోపలికి వెళ్లొచ్చు. బాలానగర్‌లో లేతు మిషన్ల వర్క్‌షాపుల వెనక అట్లాగే ఒక ఇల్లు దొరికింది. రెండు గదులు. ముందు గదిలో చాపలు పరిచి ఉన్నాయి, వర్క్‌షాపు పనివాళ్లు వరుసగా కూర్చుని తింటున్నారు. లోపలి గదిలో పొయ్యి ముందు యాభై అయిదేళ్ల ఆవిడ పీట మీద కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. పుంటికూర పప్పు, పచ్చిపులుసు, ఆదివారమైతే కోడికూర. అంతే.

నేను పుట్టి పెరిగింది కామారెడ్డిలో. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ప్రాణం లేచి వచ్చింది. నాకు రొట్టె కాస్త మాడాలి. ఒక్కసారే చెప్పాను ఆ సంగతి. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా "ఈ బిడ్డకు మాడాలె" అని తనలో తనే అనుకుంటూ పెనం మీద ఇంకాసేపు ఉంచేది. ఆమె మాట మా వైపుదని మొదటి రోజే పోల్చుకున్నాను. కానీ ఏ ఊరని అడగలేదు. అడిగితే నాదీ చెప్పాలి కదా. పట్నం వచ్చిన కొత్తలోనే నా యాస మార్చుకున్నాను నేను. ఆరేడు నెలలు ఆమె చేతి రొట్టె తిన్నాను, ఊరు మాత్రం దాచాను.

ఆ చలికాలం మా అమ్మ కంటి ఆపరేషన్‌కని కామారెడ్డి నుంచి వచ్చింది. పది రోజులు నా వంట తిని విసిగిపోయింది. "నీ చపాతీలు కుక్కగ్గూడ వద్దే. ఇంత జొన్నరొట్టె దొరుకదా మీ పట్నంల?" అంది. నాకు అంతకంటే ఏం కావాలి? నేను కనిపెట్టిన చోటు చూపించే అవకాశం! ఆటో ఎక్కించి తీసుకుపోయాను.

అమ్మ చాప మీద కూర్చుంది. మొదటి రొట్టె ఆవురావురుమంటూ తింది. రెండోది విరుస్తూ, "అచ్చం మా అవ్వ చేసినట్టే ఉన్నదే" అంది. నేను పొంగిపోయాను. అమ్మ లోపలికి తొంగి చూసి అడిగింది, "ఏ ఊరమ్మా మీది? ఎవరోళ్లు?"

మా వైపు ఎవరైనా అడిగే మాటే అది. ఆమె ఎల్లారెడ్డి పక్కన ఒక ఊరి పేరు చెప్పింది. అది మా అమ్మమ్మగారి ఊరు. అమ్మ ఎవరి బిడ్డనో చెప్పేసరికి ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి గడపలోకి వచ్చేసింది. చేతులకు పిండి, మొహం నిండా సంబరం.

"అయ్యో, పటేలింటి పెద్దబిడ్డ కదా మీరు! మీ పెండ్లికి మా బాపే కదమ్మా డప్పు కొట్టింది! నేను గింతంత పోరిని. మీ బండెంబడి పొలిమేర దాక ఉరికిన. ఆగుండ్రి, వేడి రొట్టె తెస్త."

డప్పు అన్న మాట దగ్గరే అమ్మ చేయి ఆగింది. మా అమ్మమ్మ ఇంట్లో డప్పు కొట్టేవాళ్లు వాకిట్లోనే నిలబడేవాళ్లు. వాళ్ల వాడకు మావాళ్లు పోయేవాళ్లు కాదు, వాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేవాళ్లు కాదు. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు నేనూ చూశాను. అప్పుడేమీ అనిపించలేదు కూడా.

ఆమె వేడి రొట్టె చేతిలో పట్టుకుని వచ్చేసరికి అమ్మ గ్లాసులో నీళ్లు కంచంలో పోసుకుని చేయి కడిగేసింది. సగం రొట్టె ఆ నీళ్లలో నానిపోయింది. "చాలమ్మా, అరుగది" అని గోడ పట్టుకుని లేచింది.

నా కంచంలో ఇంకా ముప్పాతిక రొట్టె ఉంది. నాకిష్టమైనట్టు మాడిన రొట్టె. కూర్చుని తినొచ్చు. అమ్మను బయట రెండు నిమిషాలు ఆగమనొచ్చు. నన్నెవరూ రమ్మనలేదు, చేయి పట్టి లాగలేదు. కానీ నేనూ కంచంలో చేయి కడిగాను.

ఆమె ఇద్దరి కంచాలూ చూసింది. చేతిలోని రొట్టెను పక్కన కూర్చున్న పనివాడి కంచంలో వేసి లోపలికి వెళ్లిపోయింది. బయట అమ్మ తన సీసాలో నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మింది. తలుపు తెరిచే ఉంది.

ఆటోలో నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. "సిగ్గు లేదా? ఏ కాలంలో ఉన్నావు? అంత ప్రేమగా పెడితే అట్లా లేచి వస్తావా?" అని అరిచాను. ఆటో అతను అద్దంలోంచి చూస్తున్నాడు. అమ్మకూ ఏదో ఎక్కడో గుచ్చుకుందని మొహం చూస్తే తెలుస్తోంది. చివరికి నా వైపు తిరిగింది.

"నేనంటే పాతదాన్ని, గట్ల పెరిగిన. సదువుకున్నదానివి, నువ్వెందుకు లేచినవే?"

ఇల్లు చేరేదాకా ఇద్దరం చెరో వైపూ చూస్తూ కూర్చున్నాం.

ఆ తర్వాత ఆఫీసులో నా ఉపన్యాసం ఆగిపోయింది. బాలానగర్ మెట్రో స్టేషన్ వచ్చినప్పుడల్లా తల వంచుకుని ఫోను చూసేదాన్ని. రెండు నెలలకు, ఛీ, ఇదేం బతుకని నన్ను నేనే తిట్టుకుని ఒక మధ్యాహ్నం వెళ్లాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లాను.

"రండి మేడం" అంది ఆమె. బిడ్డా అనలేదు.

"ఆ రోజు మా అమ్మ..." అని మొదలుపెట్టాను.

"అమ్మ కండ్లు మంచిగైనయా?" అని అడిగింది. వెటకారం లేదు, కోపం లేదు. నిజంగానే అడిగింది. అయ్యాయని చెప్పాను. "మంచిది" అని పొయ్యి వైపు తిరిగింది. నేను వెళ్లి నా చోట కూర్చున్నాను.

చాప మీద నా పక్కన ఒక లారీ డ్రైవరు తింటున్నాడు. కొత్తగా వచ్చినట్టున్నాడు. రొట్టె తుంచుతూ గట్టిగా అన్నాడు, "అక్కా, మాది పిట్లం. గీ రొట్టె అచ్చం మా ఎల్లారెడ్డి దిక్కు రొట్టె లెక్కనే ఉన్నది. ఏ ఊరక్కా మీది?"

పొయ్యి దగ్గర రొట్టె తట్టే చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

"ఎల్లారెడ్డా? గదెక్కడుంటది అన్నా? మాది ఇక్కడ్నే, పట్నమే."

నా కంచంలో రొట్టె పడింది. తెల్లగా ఉంది, ఎక్కడా మాడలేదు. తల ఎత్తకుండా ముక్క మిగలకుండా తిన్నాను. ఆమెది ఏ ఊరో ఆ డ్రైవరుకు నేను చెప్పలేదు. చెప్పడానికి నాకు మొహమెక్కడిది?